శవానికి ఊపిరి పోసిన మనిషి

రెండువేల పదకొండు, పన్నెండు ప్రాంతాల్లో నరసన్నపేట కేబుల్ టీవీకి సొంత చానల్ ఒకటి ఉండేది. పెద్ద చానళ్లన్నీ అయిపోయాక చిట్టచివర వచ్చేది. పొద్దున భక్తి పాటలు, ఆ తర్వాత బంగారు కొట్ల ప్రకటనలు, ఎవరింట్లోనో జరిగిన పెళ్లి వీడియో, పుట్టినరోజు పిల్లల ఫొటోలు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఒక సినిమా వేసేవారు. భోజనాలయ్యాక ఊరంతా తలుపులు దగ్గరగా వేసుకుని చూసేది ఆ సినిమాయే.

ఆ చానల్ నడిపేవాడు ఊళ్లో పాత కిరాణా వ్యాపారుల ఇంట్లో చిన్నవాడు. అన్నలు కింద కొట్టు చూసుకుంటే తను మేడ మీద గదిలో వైర్ల మధ్య కూర్చునేవాడు. నన్ను మావా అనేవాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. మా వైపు నాలుగు రోజులు కలిసి టీ తాగితే వరస దానంతటదే కలుస్తుంది. నేను పత్రికకు వార్తలు పంపేశాక సాయంత్రాలు ఆ గదిలోనే గడిపేవాణ్ని.

ఒకసారి అతను విశాఖపట్నం నుంచి చైనా సినిమా డిస్కు ఒకటి తెచ్చాడు. పాత సినిమా. కుంగ్‌ఫూ ఉంది, భయం ఉంది, భయంలోంచే నవ్వు ఉంది. అందులో శవాలు నడవవు. బిగుసుకుపోయిన కాళ్లతో, చేతులు ముందుకు చాచి, గెంతుకుంటూ వస్తాయి. పసుపు బట్టలు కట్టుకున్న గురువు ఒకడు మంత్రం రాసిన కాగితం వాటి నుదుట అతికిస్తే ఆగిపోతాయి. కాగితం ఊడితే మళ్లీ మొదలు. వాటికి కళ్లు కనపడవు, మనిషిని ఊపిరిని బట్టి పసిగడతాయి. అందుకని శవం దగ్గరికొస్తే గురువూ, తిక్క శిష్యులిద్దరూ ఊపిరి బిగబట్టి బొమ్మల్లా నిలబడతారు. ముక్కు దురద పుట్టినవాడు దొరికిపోతాడు.

మొదటి దృశ్యంలో గురువు గంట వాయిస్తూ ముందు నడుస్తుంటే, వెనక వరసగా శవాలు గెంతుతూ వస్తుంటాయి. పరాయి ఊళ్లో చచ్చిపోయినవాళ్లను సొంత ఊరు చేర్చడం అతని వృత్తి. సినిమా చూసిన మావాళ్లు మిగతా అన్నిటికీ ఆశ్చర్యపోయారు గానీ దీనికి కాదు. హైదరాబాదులో పరంజా మీంచి పడినవాళ్లు, చెన్నైలో గోడ కూలి పోయినవాళ్లు అంబులెన్సుల్లో మా జిల్లాకు తిరిగి రావడం అందరూ చూసిందే. అలాంటి వార్తలు నేను ఎన్ని రాశానో. ఊరు పేరు మారేది, మిగతా వాక్యాలు అవే.

డిస్కులో తెలుగు లేదు. కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. నేను చదివి అర్థం చెబితే అతను దాన్ని మా యాసలోకి తిప్పి, అన్ని గొంతులూ తనే పెట్టి రికార్డు చేశాడు. బయటి చప్పుడు పడకుండా గది గోడలకు ఖాళీ గోనె సంచులు మేకులు కొట్టి వేలాడదీశాడు. ఫ్యాను ఆపితే చెమట, వేస్తే హోరు.

"గురువు గారూ, బియ్యం సల్లితే ఆగిపోతాదన్నారు, ఆగట్నేదేటి?"

"రేషను బియ్యం సల్లినావేటిరా? దానికి ఆకలేసి ఇంకా మీదకొస్తన్నాది."

ఇలాంటివి అతనికి నోటికొచ్చేవి. అలా సాగుతుండగా ఒక చిక్కు వచ్చింది. రికార్డు చేసింది తిరిగి వింటే మాటల వెనక ఏదో బుసకొడుతోంది. ఫ్యాను ఆగే ఉంది. తలుపు తీసి చూస్తే, మెట్ల మీద వాళ్ల గోదాము కాపలా మనిషి కూర్చుని ఉన్నాడు.

ఆయన ఊరు నరసన్నపేటను ఆనుకునే ఉంది. వయసులో ఉండగా విజయనగరం వైపు వెళ్లి జనపనార మిల్లులో పనిచేశాడు. మిల్లు మూతపడ్డాక ఊపిరితిత్తుల నిండా నార పొడితో తిరిగొచ్చాడు. పొలం పని చేసే శక్తి లేదు. కూర్చుని చేసే పని కాబట్టి కాపలాకు కుదిరాడు. ఆయన ఊపిరి లోపలికి వెళ్లేటప్పుడు సన్నగా ఈల వేసేది. బయటికి వచ్చేటప్పుడు తడి గోనె నేల మీద ఈడ్చినట్టు గరగరలాడేది. పక్కన కూర్చున్నవాళ్లకు కాసేపటికి తమ ఊపిరి కూడా బరువెక్కేది.

"పెద్దయ్యా, కాసేపు కిందకెల్లి కూకోరాదా?" అన్నాడు మావాడు.

"ఎల్తాను బాబూ. మెట్లు దిగితే ఇంకా గట్టిగా వస్తాది. మరి మీ ఇష్టం."

మావాడు ఆయన్ని అలా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "మావా, శవానికి ఊపిరి దొరికీసినాది."

మేం చేస్తున్నది తమాషా అనే అనుకున్నాం. ఆయనా అలాగే అనుకున్నాడు. "సచ్చినోడికి ఊపిరేటి బాబూ?" అని అడిగాడు. "సినిమాలో ఉంటాదిలే పెద్దయ్యా" అంటే తల ఊపి మైకు ముందు కూర్చున్నాడు. గోడల గోనెల్లోంచి రాలే దుమ్ముకు దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. తెర మీద శవం వచ్చినప్పుడల్లా ఊపిరి పీల్చి వదిలి, ఆయాసంతో ముందుకు వంగిపోయి, తలెత్తి అడిగేవాడు. "సాలా బాబూ? ఇంకోపాలి తియ్యమంటారా?" ఆ మాటలు తర్వాత కోసేసేవాళ్లం.

సినిమా వేసిన ఆదివారం నుంచి ఊళ్లో ఆయన పేరున్న మనిషైపోయాడు. పిల్లగుంటలు చేతులు చాచి గెంతుతూ, గొంతులో ఈల వేస్తూ ఒకరి మీద ఒకరు పడేవారు. ఆయన సంతకు వెళ్తే "తాతా, ఒక్కపాలి ఊపిరి తియ్యి" అని వెంటపడేవారు. ఆయన ఆగి, గోడకు చెయ్యి ఆనించి, తీసేవాడు. వాళ్లు కేకలు వేస్తూ పారిపోయేవారు. అందులో ఆయనకు సంతోషం ఉండేది. మిల్లు ఆయన దగ్గర తీసుకున్నదే తప్ప ఇచ్చింది లేదు. ఆ జబ్బు వల్ల ఆయనకు దక్కింది ఈ నవ్వులాట ఒక్కటే.

ఆయన భార్య మాత్రం ఆ సినిమా ఎప్పుడూ చూడలేదు. వాళ్లది మేనరికం. ఆమె ఆయన్ని బావా అని పిలిచేది. ఆదివారం ఆ సినిమా పడితే ముక్కాలి పీట తీసుకుని ఊరవతల కల్లం వైపు వెళ్లి కూర్చునేదట. ఒకసారి మావాడు దారిలో కనపడి, అక్కను మా వైపు పిలిచినట్టు, "అప్పా, ఒక్కసారైనా సూడరాదా, బలే ఉంటాది" అన్నాడు.

"బావ రొప్పితే ఇనడానికి మీకు సినిమా కావాల. నాకక్కర్నేదు" అని ఆమె ఆగకుండా వెళ్లిపోయింది.

ఆమెకు నిజంగానే అక్కర్లేదు. పడుకున్నప్పుడు ఆయన ఊపిరి ఆడుతోందో లేదో తెలుసుకోవడానికి తన ఊపిరి బిగబట్టి వినడం ఆమెకు అలవాటని పాతపట్నంలో ఇచ్చిన కూతురు తర్వాత నాతో చెప్పింది.

రెండేళ్ల తర్వాత, వేసవిలో, ఒక ఆదివారం పొద్దున ఆయన పోయాడు. మావాడూ నేనూ వెళ్లాం. ఎండ ముదరక ముందే తీసేద్దామనుకున్నారు గానీ కూతురు వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

వాళ్ల ఊరి నుంచి శ్మశానానికి వెళ్లే బాట, తారు రోడ్డు దాటి గెడ్డ వాగు వైపు దిగుతుంది. ఆ దిగే చోట పాడె దింపుతారు. అక్కడ కొరివి పెట్టేవాడు చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ఎక్కడైనా ప్రాణం కొట్టుకుంటుంటే పలుకుతాడని. ఆడవాళ్లు అక్కడి వరకే వస్తారు. దాన్నే దింపుడు కళ్లం అంటారు. ఎన్నికలప్పుడు ఓడిపోయే అభ్యర్థుల గురించి "దింపుడు కళ్లం ఆశ" అని నేను చాలాసార్లు రాశాను. శీర్షికల్లో బాగా ఇమిడే మాట. ఆ రోజు తర్వాత రాయలేదు.

ఆయనకు కొడుకులు లేరు. తమ్ముడు నిప్పుకుండ కింద పెట్టి, పాడె పక్కన కూర్చుని, చెవి దగ్గర వంగాడు. డప్పులు ఆపారు.

"అన్నయ్యా. అన్నయ్యా. అన్నయ్యా."

ఏమీ లేదు. అతను లేవబోతుంటే ఒక పెద్దాయన అన్నాడు. "వొదిన్ని కూడా ఒకపాలి పిలవనియ్యండర్రా. ఆవిడ గొంతు ఎరిక ఆడికి."

ఆమె వచ్చి కూర్చుంది. ఏడవలేదు. అన్నం తినడానికి లేపినట్టు పిలిచింది.

"బావా. బావా."

మూడోసారి పిలిచాక, సన్నటి ఈల వినిపించింది. దాని వెనకే తడి గోనె ఈడ్చిన గరగర.

అక్కడున్న మేమందరం ఊపిరి బిగబట్టాం. కావాలని కాదు. పాడె మోసిన ఒకతను రెండడుగులు వెనక్కి వేశాడు. తమ్ముడి చెయ్యి తగిలి నిప్పుకుండ దొర్లబోతే ఎవరో పట్టుకున్నారు.

"పలికినాడు" అంది ఆమె. "కట్లిప్పండి. బావ పలికినాడు."

ఊళ్లో మందులిచ్చే ఆయన మాతోనే ఉన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని మొహం మీద గుడ్డ తీసి, ముక్కు దగ్గర దూది పోగు పెట్టాడు. అది కదల్లేదు. మెడ పట్టుకు చూశాడు, కనురెప్పలు ఎత్తి చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపుతుండగానే రోడ్డు వైపు నుంచి గట్టిగా ఒక మాట వినపడింది.

"రేషను బియ్యం సల్లినావేటిరా?"

అది మావాడి గొంతు. మావాడు నా పక్కనే నోరు మూసుకుని నిలబడి ఉన్నాడు. మా వెనక రోడ్డు వారన టీ కొట్టు ఉంది. శవం వెళ్తోందని కొట్టతను పొయ్యి ఆర్పాడు, రేకు సగానికి దింపాడు. లోపల టీవీ సంగతి మరిచిపోయాడు. ఆదివారం సినిమా వేసే ఏర్పాటు ముందు రోజే చేసి పెట్టేయడం మావాడి అలవాటు. ఆ వారం ఏది పెట్టాడో అతనికీ గుర్తు లేదు.

గుంపు చివర ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే ఆపుకున్నారు గానీ అందరికీ వినపడింది. టీ కొట్టతను పరిగెత్తుకెళ్లి వైరు లాగేశాడు.

"అది టీవీలోది వొదినా" అన్నాడు తమ్ముడు.

"టీవీకి నా బావ ఊపిరెలాగొస్తాది? ఊపిరొక్కటే కాదు, మాట కూడా అన్నాడు. నాను ఇన్నాను. కట్లిప్పండి."

అలాంటి మాటేదీ మాలో ఎవరూ వినలేదు. పాడె ఎత్తారు. ఆమె వెదురు పట్టుకుని వదల్లేదు. ఆడవాళ్లు వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి లాక్కెళ్లారు. డప్పులు మళ్లీ మొదలుపెట్టినవాళ్లు మామూలు కన్నా గట్టిగా కొట్టారు.

కర్మ జరిపి గాజులు తీసే పెద్దరోజు ఇంకా మూడు రోజులుందనగా తమ్ముడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు.

"సిన్నరోజు ఎలాగోలాగ అయిపోనాది బాబూ. పెద్దరోజుకి కూకోనంటన్నాది. పలికిన మనిసికి కర్మేటి, నా గాజులు నాను తియ్యనంటన్నాది. ఇంటికొచ్చినోలందర్నీ ఇన్నారా ఇన్నారా అని అడగతన్నాది." కండువా సర్దుకుని మళ్లీ అన్నాడు. "కొరివి ఎట్టినోణ్ని నాను. నా మొకం సూడ్డం మానీసినాది. బతికున్నోణ్ని కాల్సీసినాననే కదా. నాకు ముద్ద దిగట్నేదు. మీరైనా సెప్పండి బాబూ."

ఆ సాయంత్రం వెళ్లాను. ఆమె గుమ్మంలో స్తంభానికి ఆనుకుని ఉంది. చేతులకు గాజులున్నాయి. నన్ను కూర్చోమనకుండానే అడిగింది.

"మీరు పేపరోలు. మీరున్నారు కదా అక్కడ. ఇన్నారా, నేదా?"

"విన్నానమ్మా. ఊపిరి విన్నాను. అది టీవీలోది."

"మాట?"

"మాట వినలేదు."

"టీవీలోదని సూసి సెప్తన్నారా, అనుకుని సెప్తన్నారా?"

ఆ ప్రశ్న నేను పాతికేళ్లుగా వేరేవాళ్లను అడుగుతున్నదే. టీ కొట్టు నా వీపు వెనక ఉంది. తెర మీద ఏముందో నేను చూడలేదు. ఆ మాటే చెప్పాను.

"అయితే సూపించండి" అంది. "మీరు టీవీలోదే అంటన్నది నాకు ఇనిపించండి. మాట కూడా అందులో ఉంటే నాను ఒప్పుకుంటాను. మాట నేకపోతే ఆయన పలికినట్టే. మీరు పలికినోణ్ని అట్టుకెల్లి కాల్సినట్టే."

ఆయన అన్న మాటలన్నీ అప్పుడే కోసేశామని నాకు తెలుసు. వినిపిస్తే ఆమె మాటే నెగ్గుతుందని తెలిసే మేడ మీది గదికి వెళ్లాను.

మావాడు ఆ సినిమాను అప్పటికే చానల్లోంచి తీసేశాడు. ఆమె అడిగింది చెప్పాను.

"ఆ డిస్కు ఇరిసీసి గెడ్డలో పారీద్దారనుకున్నాను మావా. సెయ్యాడ్నేదు" అన్నాడు. "ఆయనకి జబ్బని తెలిసే కదా మైకెట్టినాను. ఇప్పుడు పట్టుకెల్లి ఆవిడికే ఎయ్యమంటన్నావు."

అయినా వచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం ప్లేయరు గుడ్డలో చుట్టుకుని బండి మీద నా వెనక కూర్చున్నాడు.  

వాళ్ల టీవీ చిన్నది, చెక్క పెట్టె మీద ఉంది. పక్కన ఆయన మందు పీల్చుకునే గొట్టం ఇంకా అక్కడే ఉంది. తమ్ముడు గడప బయట నిలబడ్డాడు. ఆమె టీవీ ఎదురుగా కింద కూర్చుంది. కూతురు తల్లి వెనక.

సినిమా మొదలైంది. గురువు గంట కొట్టాడు, శవాలు వరసగా గెంతుతూ వచ్చాయి. శిష్యులు మావాడి గొంతుతో తిట్టుకున్నారు. ఎన్నిసార్లో నవ్విన మాటలే. ఆ ఇంట్లో అవి ఒక్కొక్కటీ గచ్చు మీద పడిన గిన్నెలా మోగుతుంటే మావాడు తల వంచుకుని ప్లేయరు మీటలు చూస్తున్నాడు. కూతురు మాత్రం ఒక తిట్టు దగ్గర పెదవి కదిపి, చీర చెంగు అడ్డం పెట్టుకుంది.

పెద్ద శవం పెట్టె మూత తోసుకుని లేచింది. చేతులు చాచింది. ఈల, గరగర.

ఆమె భుజాలు ఒక్కసారి పైకి లేచాయి.

"మల్లీ ఎయ్యి."

మావాడు వెనక్కి తిప్పాడు. మళ్లీ లేచింది. మళ్లీ ఊపిరి. దాని వెనక పెద్ద డప్పులాంటి వాయిద్యం మోగుతోంది.

"ఆ వాయింపు ఆపడం కుదరదేటి?"

"కుదరదు అప్పా. అన్నీ కలిసిపోయి ఉంటాయి. సౌండు పెంచగలను."

పెంచాడు. ఆమె కళ్లు మూసుకుంది. రొమ్ము కదలడం ఆగింది. కూతురు చెప్పిన అలవాటు అప్పుడు చూశాను. తన ఊపిరి ఆపి ఆయన ఊపిరి వింటోంది. గదిలో మిగతా వాళ్లం కూడా కదల్లేదు.

ఈల. గరగర. వాయిద్యం మోత. ఆ మోత ఒక్క క్షణం తగ్గిన చోట, చాలా చిన్నగా, ఆయాసపడుతూ ఒక మాట.

"సాలా..."

వెంటనే మోత కమ్మేసింది. మావాడు తలెత్తి నన్ను చూశాడు. కోసేశామనుకున్నవాటిలో ఒకటి కోయకుండా మిగిలిపోయింది. అన్ని ఆదివారాలు ఊరంతా విన్న సినిమాలో ఆ మాట ఎవరమూ వినలేదు.

"ఇదే" అంది ఆమె కళ్లు తెరవకుండా. "నాను ఇన్నది ఇదే. సాలా అని నన్నడిగినాడు." ఆమె మొహం నేను ఆ రోజుల్లో చూసిన మొహంలా లేదు. కాస్త సడలింది. "తొమ్మిదేల్లు సాకిరీ సేసినాను కదా. సాలా అని అడిగినాడనుకున్నాను. మల్లీ ఎయ్యి బాబూ. ఎనకాల ఇంకేదో ఉన్నాది."

మావాడి చెయ్యి మీట మీద ఆగిపోయింది. వెనకాల ఏముందో మా ఇద్దరికీ తెలుసు. అతను నన్ను చూశాడు.  అతను వేశాడు.

ఈసారి ఆమె లేచి వెళ్లి టీవీ పక్కన, స్పీకరు రంధ్రాలకు చెవి ఆనించి కూర్చుంది. దింపుడు కళ్లం దగ్గర ఆయన చెవి దగ్గర వంగినట్టే వంగింది.

ఈల. గరగర. "సాలా బాబూ?"

ఆమె చెవి తీయలేదు. సినిమా ముందుకు సాగుతోంది. శిష్యుడొకడు బొమ్మలా నిలబడి ముక్కు పట్టుకున్నాడు. కూతురు లేచి మీట నొక్కి టీవీ ఆపేసింది.

"బాబూ అన్నాడు" అంది ఆమె.

మావాడు నేలకు రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. "అప్పా, అది ఆ రోజు రికార్డు సేసినప్పుడు..." అని మొదలుపెట్టి ఆపేశాడు.

"నీతోటి అన్నాడు. నాతోటి కాదు." గొంతులో కోపం లేదు. లెక్క తేలినట్టు చెప్పింది. "నాను పిలిస్తే పలకనేదు."

గడప బయట తమ్ముడు పై కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఇన్ని రోజులూ అతను కోరుకున్నది ఆ మాటే. విన్నాక లోపలికి రాలేకపోయాడు.

ఆమె గోడ పట్టుకుని లేచింది. టీవీ పక్కనున్న మందు గొట్టం తీసి చెంగుతో తుడిచి, ఎక్కడ పెట్టాలో తోచక మళ్లీ అక్కడే పెట్టింది. అప్పుడు మొదటిసారి మరిది వైపు చూసింది.

"ఎల్లుండి నన్ను ఎన్ని గంటలకి కూకోమన్నారు?" అని అడిగింది.